తక్కువ అంకెల కట్ట

2024 ఫిబ్రవరి 19, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. మార్కాపురంలో మా డాబా మీద చాప పరుచుకుని కందులు చెరుగుతున్నాను. కొత్త కందులు, ఇంకా పొట్టు వాసన పోలేదు. చాట ఎగరేసినప్పుడు ఒక గింజ పక్కకు ఎగిరి, కడిగి ఆరబెట్టిన ఖాళీ రేకు డబ్బాలో పడింది. టక్కుమని ఒకే చప్పుడు. నా చేతిలో చాట ఆగిపోయింది. నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఎడమ చెవి సగం పనిచేయదు. వీధిలో కూరగాయల బండి మైకు ఎంత అరిచినా పట్టించుకోను. ఆ చప్పుడు మాత్రం వెన్నులోకి దిగింది. ఒక్క రోజు తక్కువ నలభై ఐదేళ్ళ అయిదు నెలల కిందట ఇలాంటి గింజే ఒకటి ఇలాంటి డబ్బాలో పడగా విన్నాను. విని, కాగితం మీద ఒకటి అని అంకె వేసి, ఆ కాగితాన్ని తక్కువ అంకెల కట్టలో పెట్టేశాను. ఆ అంకె వెనక ఒక మనిషి ప్రాణం ఉంది.

నన్ను లేపి, ఆరు మైళ్ళు నడిపించి, ఆ మనిషి ముందు కూర్చోబెట్టినావిడ నాగరత్నమ్మ గారు. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమెకు పిల్లలు లేరు. ఆమె దగ్గర పనిచేసినవాళ్ళలో, నాకు తెలిసినంతవరకు, నేనొక్కదాన్నే మిగిలాను. తేదీలూ అంకెలూ నా డైరీల్లో ఉన్నాయి, వాటికి నాది పూచీ. మాటలు మాత్రం జ్ఞాపకం మీద రాస్తున్నాను.

నేను గిద్దలూరు దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టాను. నర్సు శిక్షణ అయ్యాక, పుల్లలచెరువు నుంచి అడవి వైపు పోయే దారిలో ఒక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళ మనుమలు, మనుమరాళ్ళు ఉన్నారు. కొత్త జిల్లా వచ్చి ఎనిమిదేళ్ళయినా మా కేంద్రంలో ఒక రబ్బరు ముద్ర ఇంకా కర్నూలు జిల్లా అనే పలికేది. దాన్ని పారేయబోతే నాగరత్నమ్మ గారు పడనివ్వలేదు. రబ్బరు మంచిదని, జిల్లా పేరు ఒక్కటి బ్లేడుతో గీకించి, ఆ ఖాళీలో కొత్త పేరు చేత్తో రాయించారు. మా నలుగురు నర్సుల మీద ఆమె పెద్ద. హెల్త్ విజిటర్ అనేది ఉద్యోగం పేరు. ఊళ్ళవాళ్ళు విజిటరమ్మ అనేవాళ్ళు, నేను అక్కా అనేదాన్ని. మార్కాపురంలో వాళ్ళ నాయనకు పలకల దుకాణం ఉండేది. పదమూడో ఏట పెళ్ళి, పదిహేడో ఏట భర్త పోయాడు. పుట్టింట్లో మూల గదిలో కూర్చోకుండా చదువుకుని ఈ పనిలోకి వచ్చినందుకు వాళ్ళవాళ్ళు చాలా కాలం ఆమెను పెళ్ళిళ్ళకు పిలవలేదు. ఆమె సంచిలో నోటుపుస్తకం ఉండేది కాదు, పలక ఉండేది. ఏదైనా ముందు పలక మీద రాసి, చదివి, తుడిచి, మళ్ళీ రాసి, ఇక మార్చేది లేదనుకున్నాక కాగితం మీదికి ఎక్కించేవారు. పలకల శెట్టి కూతుర్ని, కాగితం చెడగొడితే మా నాయన లేచొస్తాడు అని నవ్వేవారు.

అసలు సంగతి 1978 జూన్ 12, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మొదలైంది. పెద్ద ఆసుపత్రి నుంచి ఒక మానసిక వైద్యుడు జీపులో వచ్చి రెండు వందల కాగితాల కట్ట ఇచ్చి వెళ్ళాడు. ఒక్కో కాగితం మీద ఇరవై ప్రశ్నలు. ప్రతిదానికీ అవును, కాదు అని రెండు గళ్ళు. అవునులు ఎనిమిదికి చేరితే మనసులో బాధ ఉన్నట్టు, ఆ మనిషిని నెలకొకసారి ఆయన మార్కాపురం వచ్చే రోజున చూపించాలి. ఎనిమిది లోపైతే అక్కర లేదు. చదువుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే గుర్తులు పెట్టాలి, చదువు రానివాళ్ళకు మేము చదివి వినిపించాలి. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. దగ్గు, జ్వరం, కాన్పు అన్నీ రిజిస్టర్లలో లెక్కకు వచ్చేవి. దిగులు మాత్రం ఎక్కడా వచ్చేది కాదు. ఇప్పుడు దానికీ ఒక అంకె దొరికిందనుకున్నాను.

జీపు వెళ్ళగానే నాగరత్నమ్మ గారు, ఊళ్ళోవాళ్ళను అడిగే ముందు మనం రాసుకుందాం అన్నారు. మా నలుగురికీ తలా ఒక కాగితం ఇచ్చి, తానూ ఒకటి తీసుకున్నారు. నేను అయిదు నిమిషాల్లో ముగించి, గళ్ళలో గుర్తులన్నీ ఒకే వరుసలో వచ్చేట్టు పెట్టి, చేతికిచ్చాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని పై నుంచి కిందికి చూశారు.

“ఏంది పాపా, ఇరవైకి ఇరవై కాదు అని రాసినావు. ఇంత సుఖంగా ఉండేదానివి ఈ అడివిలో ఏం జేస్తాన్నావు?”

మిగతా ముగ్గురూ నవ్వారు. నాకు ముఖం వేడెక్కింది. అప్పటికి నేను భర్తతో పడక రెండేళ్ళుగా విడిగా ఉంటున్నాను, కేంద్రం వెనక గదిలో ఒంటరిగా వండుకుంటున్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమె ఆ కాగితం మీద ఇంకేమీ అడగలేదు. తన కాగితం మా ముందు పెట్టి, తనకు తొమ్మిది వచ్చాయనీ, డాక్టరు లెక్కన జీపులో ముందు తననే ఎక్కించాలనీ అన్నారు. మా పెద్ద అంత మాట అంత తేలిగ్గా చెప్పడం చూసి నేను విస్తుపోయాను. నా కాగితం తిరిగి అడిగి మార్చి రాయాలనిపించింది, కానీ అడగలేదు.

ప్రశ్నల భాష మరీ పుస్తకాల భాష. శిరోవేదనకు తరచుగా గురి అగుచున్నారా అని మొదటిది. ఆమె పలక తీసి, తల నొస్తాందా అని రాసుకున్నారు. ఆలోచనా శక్తి మందగించినదా అన్నచోట, కూరలో ఉప్పేసినావో లేదో మరిచిపోతాన్నావా అని మార్చారు. ఇరవై ప్రశ్నలూ అలా మార్చడానికి రెండు రోజులు పట్టింది. ఇరవయ్యోది మాత్రం ఎన్నిసార్లు తుడిచారో లెక్కలేదు. జీవితమును అంతమొందించుకొనవలెనను తలంపు కలిగినదా అని కాగితంలో ఉంది. చివరికి ఆమె రాసింది ఇది: ఈ బతుకు ఇంక చాలు, పోదాం అనిపించిందా?

మొదటి ఊళ్ళో ఇరవై ఆరుగురిని అడిగాను. ఇరవై ఆరు సున్నాలు. కోడలిని అడిగితే అత్త జవాబు చెప్పేది. దానికేం రోగం నర్సమ్మా, మూడు పూటలా తింటాది, పండుకుంటాది అని ఒకావిడ ఇరవై ప్రశ్నలకూ కోడలి తరఫున తానే తల ఊపింది. కొందరు నా చేతిలో కాగితం చూసి దొడ్డిదారిన వెళ్ళిపోయారు. రెండేళ్ళ కిందటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కాలం ఎవరూ మరిచిపోలేదు. నర్సు కాగితం మీద పేరు రాసుకుందంటే ఎక్కడికో తీసుకుపోతారని భయం. రెండో ఊళ్ళో పూర్తిగా తలకిందులు. అక్కడ వానలు లేక రెండు పంటలు పోయాయి, బాధలున్నవాళ్ళకు ప్రభుత్వం బియ్యం ఇస్తుందని ఎవరో పుట్టించారు. పంతొమ్మిది మందిలో పదిహేడు మందికి ఇరవైకి ఇరవై. ఒకావిడయితే ఇరవై అయ్యాక, ఇంకేమన్నా ఉంటే అవి కూడా రాసుకోమంది. మూడు వారాల్లో నలభై అయిదు కాగితాలు పాడయ్యాయి. నేను ఏడుపు మొహంతో లెక్క అప్పజెప్పాను. నాగరత్నమ్మ గారు ఆ రెండు ఊళ్ళ కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, కాగితం చూస్తే ఒకళ్ళకు భయం, ఒకళ్ళకు ఆశ, కాబట్టి కాగితం కనపడకూడదు అన్నారు.

డబ్బా పద్ధతి అలా పుట్టింది. కేంద్రంలో పిల్లల పాలపొడి డబ్బాలు ఖాళీవి చాలా ఉండేవి. మూత మీద గింజ పట్టేంత చీలిక కోయించారు. ఒక్కో ఆడమనిషి గుప్పిట్లో ఇరవై కంది గింజలు పెట్టేవాళ్ళం. డబ్బా ఆమె ఒళ్ళో, చెంగు కింద ఉంటుంది. నేను వీపు తిప్పి గోడ వైపు కూర్చుని ఒక్కో ప్రశ్న చదవాలి. అది తన విషయంలో నిజమైతే ఒక గింజ డబ్బాలో వేయాలి, కాకపోతే వేయక్కర లేదు. నోరు తెరిచే పని లేదు. అత్త పక్కనే ఉన్నా ఆమెకు కనిపించేది చెంగు మాత్రమే. చివర మిగిలిన గింజలు ఒక గుడ్డ సంచిలో వేస్తారు. తరువాత నేను డబ్బా తెరిచి లెక్కపెట్టి అంకె వేసుకుంటాను. ఏ ప్రశ్నకు గింజ పడిందో ఎవరికీ తెలియదు. చప్పుడు వినిపించినా విననట్టే ఉండాలని, ఆ సంగతి ఇంకో మనిషికి చెప్పకూడదని ఆమె మా నలుగురి దగ్గరా మాట తీసుకున్నారు. ఆ మాట మేము ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు కూడా ఇచ్చేవాళ్ళం.

ఆగస్టు 2, బుధవారం నుంచి డబ్బాలతో తిరిగాం. ఆ రెండు నెలలు నా ఉద్యోగంలోకెల్లా బాగున్న రోజులు. పొద్దున్నే ఆమె, నేను కలిసి బయలుదేరేవాళ్ళం. ఆమె ముందు, తెల్ల చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి. నేను వెనక, డబ్బా సంచితో. దారిలో ఆమె ఊళ్ళ నీళ్ళ రుచులు చెప్పేవారు. ఈ బావి నీళ్ళు తాగితే నలభైకే నడుము వంగుతుంది, ఆ చెలమ నీళ్ళు తియ్యన అని. మధ్యాహ్నం ఎవరి పశువుల కొట్టం నీడలోనో కూర్చుని ఆమె తెచ్చిన చింతకాయ పచ్చడి, నా జొన్న రొట్టె పంచుకునేవాళ్ళం. ఆడవాళ్ళకు డబ్బా ఒక ఆటలా అయింది. గింజలు పడసాగాయి. అయిదు, మూడు, పదకొండు, పద్నాలుగు. తన ఇంట్లో ఎవరికీ ఏ దిగులూ లేదన్న ఒక అత్తగారి డబ్బాలో పదిహేడు వచ్చాయి. ఆ డబ్బా తెరిచి నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఆ సాయంత్రం నాగరత్నమ్మ గారు ఆమె దగ్గర కూర్చుని గంటసేపు తమలపాకులు నమిలారు, రోగం మాట ఎత్తలేదు. నాలుగో రోజు ఆమె తనంతట తానే మా కేంద్రానికి నడిచి వచ్చింది.

సెప్టెంబర్ 20, బుధవారం, అంకమ్మ ఇంటికి పోయాను. ఇరవై ఆరేళ్ళది. మొగుడు మార్కాపురం పలకల గనిలో పని, పదిహేను రోజులకొకసారి వస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. మగపిల్లవాడు శ్రావణంలో జ్వరంతో పోయాడు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ వీధిలో అందరికంటే గట్టిగా నవ్వే మనిషి ఆమే. గింజలు చేతిలో పోయగానే, ఇవి మళ్ళీ మీకు ఇయ్యాల్నా, పప్పు చేసుకుంటా నర్సమ్మా అంది. ఇరవై గింజలకు పప్పు ఎట్లయితదే అని అత్త అంది. నేను గోడ వైపు తిరిగి చదవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, పది, పదిహేను. ఏమీ పడలేదు. పంతొమ్మిది. ఏమీ లేదు. డబ్బా ఖాళీగానే ఉంది కదా, సున్నా వేయవచ్చనుకుంటూ ఇరవయ్యోది చదివాను. టక్కుమంది.

నేను వెనక్కి తిరగలేదు. తిరగకూడదన్నది నియమం. మిగిలిన గింజలు సంచిలో వేసి అంకమ్మ లేచి కొంగు దులుపుకుని, మజ్జిగ తాగిపోండి అంది. తాగాను. బయటికి వచ్చి డబ్బా తెరిచాను. ఒక్క గింజ. ఒకటి అని రాశాను. ఎనిమిదికి ఒకటి ఎంత దూరం? కట్టలో పెట్టాను. గింజ చేతి నుంచి జారిందేమో అనుకున్నాను. నిజంగా వేసినా, విన్నది చెప్పనని మాట ఇచ్చాను కదా అనుకున్నాను. ఈ రెండు సాకులూ ఒకేసారి ఎలా పట్టుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యం. జారిందైతే మాట తప్పే భయం అక్కర లేదు. వేసిందైతే జారిందన్నది అబద్ధం.

ఏడు రోజులు గడిచాయి. సెప్టెంబర్ 27, బుధవారం కేంద్రంలో లెక్కలు చూసుకునే రోజు. నేను అప్పటికి డెబ్బై ఒక్క మందిని చేశాను. ఎనిమిది, ఆ పైన వచ్చినవాళ్ళు పదిహేడు. సున్నాలు పదకొండు. ఒకటి నుంచి ఏడు దాకా నలభై మూడు. మూడు కట్టలు, మూడు రంగుల దారాలు. కూడికలో తప్పు లేదు. నాగరత్నమ్మ గారు ఎక్కువ అంకెల కట్ట చూసి, పక్కన పెట్టి, తక్కువ అంకెల కట్ట దారం విప్పారు. అది చూడక్కర లేదక్కా, ఎనిమిది లోపు అన్నాను. ఆమె ఒక్కో కాగితం తిప్పుతూ పోయి ఒకచోట ఆగారు.

“ఈ ఒకటి ఏంది?”

అంకమ్మ అని చెప్పాను.

“ఎప్పుడు పడింది?”

“చూడలేదక్కా. గోడకు తిరిగి ఉన్నా.”

“చెవులు గూడ తిప్పుకున్నావా?”

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూస్తూ కూర్చున్నారు. మాట ఇచ్చాను కదక్కా అన్నాను. మాట తీసుకున్నది తానే అనీ, ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తున్నాననీ అన్నారు. అప్పుడు చెప్పాను, చివరిదానికని. ఆమె తింటున్న అన్నం డబ్బా మూత పెట్టేశారు. గోడ గడియారం పన్నెండుంబావు. బస్సు సాయంత్రం దాకా లేదు. నడిచాం. నేను దారి పొడవునా ఏడు రోజులకు ఎన్ని గంటలో లెక్క వేస్తూ పోయాను. నూట అరవై ఎనిమిది. ఊరు కనపడేసరికి, దూరంగా ఎవరైనా గుంపుగా ఉన్నారేమోనని చూశాను.

గుంపు లేదు. అంకమ్మ ఇంటి ముందు కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు, నవ్వలేదు. నాగరత్నమ్మ గారు ఆమె ఎదురుగా కింద కూర్చుని తానూ గుప్పెడు కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టారు. అత్తను నాతో మాటల్లో పెట్టించి లోపలికి పంపారు, కానీ గుమ్మం పక్కన ఉన్న నాకు వినపడుతూనే ఉంది. కాసేపయ్యాక, ఆ ఒక్క గింజ నీ చేత్తో వేసిందేనా అంకమ్మా అని అడిగారు. నేను ఇంకా మెల్లగా, చుట్టూ తిప్పి అడుగుతారనుకున్నాను. అంకమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని నా వైపు చూపించింది.

“ఏసినా. ఆయమ్మ ఇనింది. ఈపు అదిరింది, నేను జూసినా. ఇంటే వస్తదిలే అనుకున్నా. ఇయ్యాల వస్తది, రేపు వస్తది అని ఏడు దినాలు దోవ జూసినా.”

తరువాత ఆమె ఏడ్చింది. శ్రావణం తరువాత ఆమె ఏడవడం అదే మొదటిసారని అత్త లోపల నుంచి వచ్చి చెప్పింది, చెప్పి ఆమె కూడా పక్కన కూలబడింది. పిల్లవాడి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని అనుకున్నారట, ఒకరి బాధ ఒకరికి తగలకుండా. ఆ సాయంత్రం నాగరత్నమ్మ గారు వాడి పేరు అడిగి, వాడికి ఏది ఇష్టమో అడిగి, ఎట్లా నడిచేవాడో అడిగారు. త్రిపురాంతకం నుంచి అంకమ్మ తల్లిని పిలిపించారు. ఆమె వచ్చేదాకా వదిలిపెట్టి ఉండొద్దని అత్తకు అప్పగించారు. తరువాత డాక్టరు వచ్చిన రోజున తానే మార్కాపురం తీసుకుపోయారు. ప్రతి బుధవారం నేను పోయి కూర్చోవాలని నాకు చెప్పారు. పద్నాలుగు నెలలు పోయాను. అంకమ్మ బతికింది.

ఆ రోజు తిరుగు దారిలో నేను ఏడుస్తుంటే నాగరత్నమ్మ గారు ఓదార్చలేదు. బస్సు కోసం నిలబడినప్పుడు అన్నారు:

“డబ్బా నేను పెట్టించినా. తప్పులో సగం నాది. సగం నీది పాపా. నీ సగం నేను మోయను.”

ఆ మాట అప్పుడు కఠినంగా తోచింది. తరువాత తెలిసింది, అంతకంటే మర్యాదగా నాతో ఎవరూ మాట్లాడలేదని. మొత్తం తానే మోస్తానంటే నన్ను చిన్నపిల్లను చేసినట్టే అయ్యేది.

మరునాడు పొద్దున ఆమె పలక మీద పద్ధతి మార్చారు. ఇక నుంచి గుప్పిట్లో పంతొమ్మిది కందులు, ఒక శనగ. శనగ చివరి ప్రశ్నకు. కంది ఎన్ని పడినా పడకపోయినా, డబ్బాలో శనగ కనిపిస్తే ఆ రోజే, ఆ ఇంట్లోనే కూర్చోవాలి. శనగ సంగతి మేము చూస్తామని ముందే ఆడవాళ్ళకు చెప్పాలి, దాచకూడదు. డాక్టరుకు, పద్ధతిలో తప్పు తనదేనని రాశారు. ఆయన కాగితంలో శనగకు గడి లేకపోతే, మిగిలిన కాగితాలన్నిటి మీదా స్కేలు పెట్టి ఇరవై ఒకటో గడి గీశారు. శనగ పెద్దది కదా, చీలిక వెడల్పు చేయించమని నాకు గుర్తుచేశారు. అది కూడా ఆమెకే తట్టింది.

ఇక కట్టలో మిగిలినవాళ్ళున్నారు. అంకమ్మను తీసేస్తే నలభై రెండు మంది, ఏ ప్రశ్నకు గింజ వేశారో తెలియనివాళ్ళు. ఒక్కొక్కరి ఇంటికీ మళ్ళీ పోవాలన్నారు. సెప్టెంబర్ 28 నుంచి అక్టోబర్ 9 దాకా పన్నెండు రోజులు, ఆదివారాలు కూడా. ఆమె కుడి కాలు అప్పటికే వాచి ఉండేది. పైటగుడ్డ చింపి కట్టుకుని నడిచారు. ముగ్గురు తమ గింజల్లో ఒకటి చివరి ప్రశ్నకని చెప్పారు. వాళ్ళల్లో ఒకామెకు అంకె ఆరు, ఒకామెకు నాలుగు, ఒకామెకు మూడు. ముగ్గురి దగ్గరా ఆమె అలాగే కూర్చున్నారు, ఒకరితో పత్తి తీస్తూ, ఒకరితో పేడ పిసుకుతూ. నా చేతికి కూడా పని ఇచ్చేవారు.

అక్టోబర్ 4, బుధవారం, పదకొండు గంటలకు ఒక ఇంటికి పోయాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ ఇంటామెకు ఆగస్టు 23న నేను రెండు అని వేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు. నెమ్మదైన మనిషి, నాకు కూర్చోవడానికి పీట తెచ్చి దాని మీద తడి తుడిచి పెట్టింది. సెప్టెంబర్ 24, ఆదివారం పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఎట్లా పోయిందో ఊరంతటికీ తెలుసు, నేను రాయను. మేము లెక్కలు చూసుకున్న రోజుకు మూడు రోజుల ముందు. నాగరత్నమ్మ గారు ఆ అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. నేను ఆ రోజు చదివిన ప్రశ్నలన్నీ వరుసగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, రెండు గింజల చప్పుడు ఎక్కడెక్కడ వచ్చిందని. గుర్తు రాలేదు. ఆ రెండిట్లో ఒకటి చివరిదేనా అక్కా అని అడిగాను. తెలవదు పాపా, తెలవదనే రాయి అన్నారు. అలాగే రాశాను.

నాగరత్నమ్మ గారు 1990లో ఉద్యోగం విరమించి మార్కాపురంలో తమ్ముడి ఇంటి పక్క గదిలో ఉన్నారు. నాకు బదిలీలు పెద్దారవీడుకు, తరువాత మార్కాపురానికే అయ్యాయి. ఆదివారాలు పోయేదాన్ని. చివరి ఏళ్ళల్లో ఆమెకు మతిమరుపు మొదలై నన్ను ఒక్కోసారి ఎవరో కోడలనుకునేవారు. అప్పుడు కూడా నా మొహం చూసి, అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా అని వరుసగా అడిగేవారు. 1978లో నా కాగితం మీద ఇరవై కాదులు రాసినదాన్ని, 1995లో ఒక ఆదివారం ఆమె దగ్గర కూర్చుని ఆ ఇరవై ప్రశ్నలకూ నిజం చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. చెయ్యి మాత్రం పట్టుకుని వదల్లేదు. 1999 జనవరిలో పోయారు. నేను 2008లో ఉద్యోగం ముగించేదాకా, ఏ పరీక్ష కాగితాలు వచ్చినా, రక్తపు లెక్కయినా తూకం లెక్కయినా, తక్కువ ప్రమాదమని కట్టిన కట్టనే ముందు విప్పేదాన్ని. నా కింద పనిచేసిన పిల్లలు దీన్ని చాదస్తం అనుకునేవాళ్ళు.

పోయిన నెల ఒక ఆరోగ్య కార్యకర్త ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది, ముసలివాళ్ళ మనసు బాగుందో లేదో అడగడానికి. నేను చెప్పినవి నొక్కుతూ పోయింది. ఫోనే కూడుకుంది. పచ్చ రంగు వచ్చిందవ్వా, మీకేం లేదు అంది. పచ్చ రంగు వచ్చినవాళ్ళ జవాబులు ఒక్కొక్కటిగా మళ్ళీ ఎవరైనా చూస్తారా అని అడిగాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, తెలియదవ్వా, అడిగి చెప్తా అంది. మంచి పిల్ల. మూడో రోజు నిజంగానే వచ్చి, చూడరంట అవ్వా, ఇక నేను చూస్తా అని చెప్పింది. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి ఆమెకు నాగరత్నమ్మ గారి సంగతి చెప్పాను. ఈ రాతలో చెప్పినంత వివరంగా కాదు.

నా లెక్క ఇది. ఒకటి నుంచి ఏడు దాకా వచ్చినవాళ్ళు నలభై మూడు మంది. వాళ్ళల్లో చివరి ప్రశ్నకు గింజ వేసి, మేము పోయేసరికి ఉన్నవాళ్ళు నలుగురు. చివరిది కాదని చెప్పినవాళ్ళు ముప్పై ఎనిమిది. తెలియదు, ఒకటి.